టెర్రియర్, జోనంగి, మన ఊరకుక్క

వార్షికోత్సవ సంచికకు చదువుకు పనికొచ్చే వ్యాసం ఒకటి పంపమని తమ్ముళ్ళు కబురు పెట్టారు. మేము ఈ చర్ల హాస్టల్లో పదవ తరగతి వరకు చదివి, ప్రస్తుతం ఎమ్మెస్సీ జంతుశాస్త్రం చదువుతున్నాము. మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్నది మేమే మొదటివారం. జంతుశాస్త్రం అనగానే కప్ప గుండె గురించో, వానపాము గురించో రాస్తామని మీరు అనుకుంటారు. అవి పరీక్షల కోసం ఎలాగూ చదువుతారు. రోజూ గేటు దగ్గర, వంటగది వెనుక మన కంట పడే జంతువు గురించి మాత్రం మన పాఠ్యపుస్తకాల్లో ఒక్క పాఠం కూడా లేదు. అదే కుక్క.

మొన్న సెలవుల్లో హాస్టల్‌కు వచ్చినప్పుడు ఎనిమిదవ తరగతి తమ్ముడొకడు మమ్మల్ని ఇలా అడిగాడు: "అన్నా, పట్నంలో జానెడు టెర్రియర్ కుక్కపిల్లకు వేలకు వేలు పెడతారట. మన కుక్కను ఊరికే ఇస్తామన్నా ఎవరూ తీసుకోరు. అది జాతి కుక్క, ఇది ఊరకుక్క అంటారు. తేడా ఏంది?" మంచి ప్రశ్న. ఆ తమ్మునికి అప్పుడు రెండు మాటల్లో చెప్పినది ఇప్పుడు అందరి కోసం వివరంగా రాస్తున్నాము.

టెర్రియర్ అంటే ఏమిటి?

లాటిన్ భాషలో 'టెర్రా' అంటే నేల. నేలలోకి దూరే కుక్క గనుక టెర్రియర్ అయింది. అంటే ఆ పేరు దాని పుట్టుకను బట్టి రాలేదు, పనిని బట్టి వచ్చింది. ఇంగ్లాండులో జమీందార్లు గుర్రాలెక్కి నక్కలను వేటాడేవారు. పెద్ద వేటకుక్కలు నక్కను తరిమేవి. నక్క బొరియలోకి దూరితే పెద్ద కుక్కకు దారి లేదు. అప్పుడు పొట్టి కాళ్ళ చిన్న కుక్కను వదిలేవారు. అది బొరియలోకి పోయి, చీకట్లో తనంత జంతువుకు ఎదురు నిలబడి, మొరిగి మొరిగి బయటికి వెళ్ళగొట్టాలి. పైన ఉన్న మనిషికి వినబడేలా మొరగాలి, మట్టి తవ్వాలి, భయపడకూడదు. ఈ మూడు గుణాలు ఉన్న కుక్కలనే తరతరాలుగా ఏరి పెంచారు. ఈనాడు పట్నంలో మూడో అంతస్తులో సోఫా మీద కూర్చున్న టెర్రియర్ పొద్దస్తమానం మొరుగుతుందని, సోఫా చింపుతుందని యజమానులు బాధపడతారు. పాపం, అది దాని ఉద్యోగం అది చేస్తున్నది!

వీటిలో పేరుమోసినది జాక్ రస్సెల్ టెర్రియర్. జాన్ రస్సెల్ అనే క్రైస్తవ మతగురువు ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకునే రోజుల్లో, 1819లో, ఒక పాలవాని దగ్గర తెల్లని ఆడకుక్కను కొన్నాడు. దాని పేరు ట్రంప్. ఆ జాతికి మూలం అదేనని చెబుతారు. దుమ్ములో నక్క ఏదో కుక్క ఏదో పోల్చుకోలేక వేటకుక్కలు పొరపాటు పడకుండా తెల్లని రంగునే కోరుకున్నారు. గమనించండి, మూలపుటమ్మ వచ్చింది ఏ రాజుగారి కోట నుండో కాదు, పాలవాని వాకిట్లో నుండి.

యార్క్‌షైర్ టెర్రియర్ కథ ఇంకా బాగుంటుంది. ఈనాడు జుట్టుకు రిబ్బను కట్టించుకొని ధనవంతుల చంకలో తిరిగే ఆ చిన్న కుక్క, 19వ శతాబ్దంలో ఉత్తర ఇంగ్లాండు మిల్లు కార్మికుల కుక్క. పని వెతుక్కుంటూ స్కాట్లాండు నుండి వచ్చిన నేతపనివారు తమ వెంట తెచ్చుకున్న చిన్న కుక్కల నుండి అది పుట్టింది. మిల్లుల్లో, ఇళ్ళల్లో ఎలుకలు పట్టడం దాని పని. కూలీల కుక్క కాలక్రమాన దొరసానుల కుక్క అయింది. కుక్క మారలేదు, పట్టుకున్న చెయ్యి మారింది.

ఒక టెర్రియర్‌ను మన పెద్దలందరూ చూశారు, కాకపోతే అది టెర్రియర్ అని తెలియదు. పాత హెచ్.ఎం.వి. పాటల రికార్డుల మీద గ్రామఫోను గొట్టంలోకి చెవి పెట్టి వింటున్న కుక్క బొమ్మ ఉంటుంది కదా. దాని పేరు నిప్పర్. 1884లో ఇంగ్లాండులోని బ్రిస్టల్‌లో పుట్టింది. ఫ్రాన్సిస్ బారో అనే చిత్రకారుడు వేసిన ఆ బొమ్మను 1899లో గ్రామఫోను కంపెనీ కొన్నది. నిప్పర్ అచ్చమైన జాతి కుక్క కాదు, టెర్రియర్ రక్తం కలిసిన సంకరం. లోకంలోకెల్లా పేరుపొందిన కుక్కబొమ్మ ఒక సంకర కుక్కది అన్నమాట.

కొల్లేటి జోనంగి

మన తెలుగు నేలలో ఇలా పనిని బట్టి తయారైన కుక్క లేదా అంటే ఉంది. అదే జోనంగి. జోనంగి జాగిలం అని కూడా అంటారు. కృష్ణా గోదావరుల నడుమ కొల్లేరు సరస్సు చుట్టుపక్కల, కృష్ణా, ఉభయ గోదావరి జిల్లాల్లో పెరిగిన కుక్క. మన చర్ల దాటిన గోదావరి నీళ్ళే కిందికి పోయి తడిపే డెల్టా అది.

జోనంగి సుమారుగా మనిషి మోకాలి ఎత్తుంటుంది. ఒంటి మీద వెంట్రుక మరీ పొట్టి, చర్మానికి అంటుకున్నట్టు ఉంటుంది. నుదుటి మీద ముడతలు ఉంటాయి, ఎప్పుడూ ఏదో లెక్క తెగక ఆలోచిస్తున్నట్టు కనిపిస్తుంది. తోక పైకి మెలి తిరుగుతుంది. మామూలు కుక్కలా అదేపనిగా మొరగదు, గొంతులో రాగం తీసినట్టు ఒక వింత కూత కూస్తుంది. అన్నింటికంటే ఆశ్చర్యం, ఇది నేల తవ్వి బొరియ చేసుకొని అందులో పడుకుంటుంది. 'నేల కుక్క' అనే అర్థంలో చూస్తే, టెర్రియర్ జాబితాలో లేకపోయినా, ఆ పేరుకు జోనంగి కూడా తగినదే. ఒక్క మనిషినే యజమానిగా నమ్ముతుంది, కొత్తవారి దగ్గరికి రాదు.

దాని పని ఏమిటంటే బాతులు కాయడం. కోతలైన వరిచేలల్లో, చిత్తడి నేలల్లో బాతుల మందను తోలుకొని పోయేవారు. రాలిన గింజలు, నత్తలు తింటూ బాతులు చెల్లాచెదరైతే వాటిని చుట్టి తీసుకురావాలి, కాని ఒక్క బాతుకు పన్ను తగలకూడదు. టెర్రియర్ పని దీనికి పూర్తిగా వ్యతిరేకం. అక్కడ ఎదిరించడం, ఇక్కడ ఆపుకోవడం. మా ఉద్దేశంలో రెండోదే కష్టం.

తరువాత కొల్లేరు మారింది. 1980ల నుండి సరస్సులో, చుట్టుపక్కల పొలాల్లో చేపల చెరువులు విపరీతంగా పెరిగాయి. వరిచేను చెరువైతే బాతుల మందకు మేత లేదు, మంద లేకపోతే కుక్కకు పని లేదు. 1999లో కొల్లేరును వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలల జాబితాలో చేరింది. 2005-06లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో అక్రమ చెరువుల గట్లను తెగ్గొట్టారు. కొంగలకు, గూడబాతులకు చట్టం వచ్చింది. వాటి పక్కనే బతికిన జోనంగిని తలుచుకున్నవారు తక్కువ. ఇతర కుక్కలతో కలిసిపోయి అచ్చమైన జోనంగి అరుదైపోయింది.

2005లో మన తపాలా శాఖ నాలుగు దేశవాళీ కుక్కల మీద బిళ్ళలు విడుదల చేసింది: హిమాలయన్ గొర్రెల కుక్క, రాంపూర్ హౌండ్, ముధోల్ హౌండ్, రాజపాళయం. 2020లో కర్నాల్‌లోని జాతీయ జంతు జన్యువనరుల బ్యూరో దేశవాళీ కుక్క జాతులను నమోదు చేయడం మొదలుపెట్టినప్పుడు తమిళనాడుకు చెందిన రాజపాళయం, చిప్పిపారై, కర్ణాటకకు చెందిన ముధోల్ హౌండ్ ఎక్కాయి. ఈ రెండు జాబితాల్లోనూ జోనంగి లేదు. కాగితం మీద ఎక్కని దానికి లెక్క ఉండదు, లెక్క లేనిదానికి రక్షణ ఉండదు. ఈ సంగతి కుల ధ్రువీకరణ పత్రం కోసం కార్యాలయం చుట్టూ తిరిగిన మనకు ఒకరు చెప్పనక్కరలేదు.

'జాతి' అనే మాట

ఇక మన ఊరకుక్క సంగతి. ఇంగ్లీషు పుస్తకాల్లో దీనికి చాలాకాలం ఉన్న పేరు 'పరియా డాగ్'. ఈ 'పరియా' అనే మాట ఎక్కడిదో డిగ్రీలో మొదటిసారి నిఘంటువు తీసి చూసినప్పుడు మేము చాలాసేపు ఆ పేజీ తిప్పలేకపోయాము. తమిళ దేశంలోని పరైయర్ అనే దళిత కులం పేరు నుండి అది వచ్చింది. 'పరై' అంటే వారు వాయించే వాద్యం, మన డప్పు లాంటిది. డప్పు కొట్టే మనుషుల పేరును తెల్లదొరలు 'వెలివేయబడినవాడు' అనే అర్థంలో తమ భాషలోకి తీసుకున్నారు, అదే పేరు ఊరి బయట తిరిగే కుక్కకూ పెట్టారు. అలా ఒక్క మాటతో మనిషినీ కుక్కనూ ఒకే గాటన కట్టారు. ఈ మధ్య కాలంలో చాలామంది ఆ పేరు మాని 'ఇండాగ్' అనీ, దేశీ కుక్క అనీ అంటున్నారు. మీరు కూడా పరీక్షలో గాని, మాటల్లో గాని ఆ పాత పేరు వాడకండి.

శాస్త్రం ప్రకారం చూస్తే ఊరకుక్క తక్కువది కాదు. కుక్క తోడేలు నుండి వచ్చింది. మనిషి వ్యవసాయం నేర్వకముందే, 15,000 ఏళ్ళకు పూర్వమే, మచ్చిక అయింది. మనం మచ్చిక చేసిన మొదటి జంతువు అదే. ఆవు, గొర్రె, కోడి అన్నీ తరువాతవి. ఇప్పుడు మనం 'జాతి కుక్కలు' అంటున్న వాటిలో ఎక్కువ భాగం గత 200 ఏళ్ళలో మనుషులు దగ్గరి బంధువులనే జతకట్టిస్తూ తయారు చేసినవి. లండన్‌లో కెన్నెల్ క్లబ్ పెట్టిందే 1873లో. ఆ మేనరికాల వల్ల జాతి కుక్కల్లో కొన్నింటికి ఊపిరి కష్టం, కొన్నింటికి కీళ్ళ జబ్బు, కొన్నింటికి చెవుడు వంశపారంపర్యంగా వస్తున్నాయి. ఊరకుక్కను ఎవరూ జతకట్టించలేదు. మన ఎండ, మన వాన, మన ఆకలి దాన్ని వడగట్టాయి. చర్ల చుట్టుపక్కల గూడేల్లో అడవి పందుల నుండి పోడు చేను కాపాడేది, ఇప్పపువ్వు ఏరడానికి తెల్లవారకముందే పోయే అమ్మల ముందు నడిచేది ఈ కుక్కే.

స్వభావం

సుమతీ శతకంలో బంగారు సింహాసనం మీద కుక్కను కూర్చోబెట్టే పద్యం మనందరికీ కంఠతా వచ్చు. ఎంత గొప్ప చోట పెట్టినా దాని వెనుకటి గుణం మానదని దాని భావం. చిన్నప్పుడు ఆ పద్యం అప్పజెప్పి మార్కులు తెచ్చుకున్నవారమే. కాని ఆ భావాన్ని మనుషుల మీదికి మళ్ళించి, ఫలానావాళ్ళ పిల్లలు ఎంత చదివినా ఇంతే అని నవ్విన పెద్దమనుషులను మీరూ చూసి ఉంటారు. అందుచేత ఈ విషయంలో శాస్త్రం ఏమంటుందో కాస్త నిదానంగా చూద్దాం.

అమెరికాలో స్కాట్, ఫుల్లర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఐదు జాతుల కుక్కపిల్లలను ఏళ్ళ తరబడి పెంచి, పరీక్షించి 1965లో పుస్తకం వేశారు. ఆ ఐదింటిలో ఒకటి ఫాక్స్ టెర్రియర్. టెర్రియర్ పిల్లలు కొట్లాటలో ముందుండేవి, అది నిజమే. అంటే పుట్టుకతో వచ్చేది కొంత ఉన్నది. అయితే అంతకంటే పెద్ద సంగతి ఒకటి తేలింది. పుట్టిన మూడో వారం నుండి సుమారు పన్నెండు, పద్నాలుగు వారాల లోపు మనిషి చెయ్యి తగలని పిల్ల, ఏ జాతిదైనా సరే, పెద్దయ్యాక మనిషిని చూస్తే బెదిరిపోతుంది. ఆ వారాల్లో మంచిగా చేరదీసినది మనిషిని నమ్ముతుంది.

2022లో 'సైన్స్' పత్రికలో వచ్చిన మరొక పరిశోధనలో 18,000కు పైగా కుక్కల యజమానులను ప్రశ్నించి, వేల కుక్కల జన్యువులు పరీక్షించారు. ఒక కుక్కకూ మరో కుక్కకూ ప్రవర్తనలో ఉన్న తేడాలో జాతి వల్ల చెప్పగలిగినది సుమారు 9 శాతం మాత్రమే అని తేలింది. తక్కినది ఆ కుక్క సొంత స్వభావం, పెంపకం, వయస్సు, అది చూసిన మంచిచెడ్డలు. తొమ్మిది శాతం, తమ్ముళ్ళూ! ఆ అంకె మాత్రం గుర్తు పెట్టుకోండి.

కాబట్టి మన వంటగది వెనుక కుక్క కరిచేదా, కరవనిదా అన్నది చాలావరకు మన చేతిలో ఉంది. పిల్లగా ఉన్నప్పుడు రాళ్ళు తిన్న కుక్క పెద్దయ్యాక పరిగెత్తే పిల్లవాడిని చూసి ఊరుకోదు. దాని భాష నేర్చుకోవడం కష్టం కాదు. తోక ఊపడం ఎప్పుడూ స్నేహమే కాదు. తోక నిటారుగా పెట్టి బిగదీసి ఊపుతుంటే అది హెచ్చరిక. చెవులు వెనక్కి వాల్చి, పెదవి లేపి, గుర్రుమంటే ఆగిపోవాలి. అలాంటప్పుడు పరిగెత్తవద్దు, కళ్ళలోకి చూడవద్దు, చేతులు దగ్గరగా పెట్టుకొని మెల్లగా పక్కకు తప్పుకోవాలి. తింటున్న కుక్క, నిద్రపోతున్న కుక్క, పిల్లల తల్లి, ఈ మూడింటి జోలికి ఎప్పుడూ పోకూడదు.

పోషణ

హాస్టల్లో ఒక కుక్కను సాకాలంటే ఖర్చు ఎక్కువ కాదు, క్రమం కావాలి. ఆడకుక్క సుమారు 63 రోజులు మోస్తుంది. పిల్లలు పది, పద్నాలుగు రోజులకు కళ్ళు తెరుస్తాయి. ఏడెనిమిది వారాల దాకా తల్లి దగ్గర నుండి విడదీయకూడదు. ముద్దుగా ఉందని పదిహేను రోజుల పిల్లను చొక్కాలో పెట్టుకొచ్చేవారు దానిని సాకుతున్నామనుకుంటారు గాని చంపుతున్నారు.

అన్నం, పప్పు, గుడ్డు, మిగిలిన కూర చాలు. కారం, మసాలా లేకుండా ఉంటే మేలు. ఉల్లిపాయ, వెల్లుల్లి, చాక్లెట్, ద్రాక్ష దానికి విషం. ఉడికిన కోడి ఎముకలు సూదుల్లా చీలి పేగులో గుచ్చుకుంటాయి, ఆదివారం కోడికూర రోజున ఇది జ్ఞాపకం ఉంచుకోవాలి. కుక్కకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, నాలుక బయట పెట్టి ఒగర్చి ఒంటి వేడి తగ్గించుకుంటుంది. మే నెలలో మన దగ్గర ఎండ సంగతి తెలిసిందే గనుక నీడలో ఒక మూకుడు నీళ్ళు ఉండాలి.

పిల్లలకు నులిపురుగుల మందు రెండు మూడు వారాల వయస్సు నుండే, పదిహేను రోజులకొకసారి మూడు నెలల దాకా పశువైద్యుని సలహాతో వేయాలి. కుక్క మలంలో ఉండే పురుగుల గుడ్లు మట్టి ద్వారా మన కడుపులోకి కూడా వస్తాయి, కాబట్టి కుక్కను ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగనిదే పళ్ళెం ముందు కూర్చోవద్దు. గోమార్లు, అంటే పిడుదులు, చెవి లోపల, కాలివేళ్ళ సందుల్లో చేరతాయి. వాటికి కిరోసిన్ పూయకూడదు, మందు పశువుల ఆసుపత్రిలో అడగాలి. గజ్జి కుక్క అని మనం ఛీకొట్టేది వెంట్రుక ఊడిన రోగి మాత్రమే. కంటికి కనిపించని పురుగు వల్ల వచ్చే ఆ జబ్బు మందుతో నయమవుతుంది. రక్త విరేచనాలు, వాంతులతో పిల్లలు వరసగా చనిపోతే అది పార్వో జబ్బు, దానికి ఆరు నుండి ఎనిమిది వారాల వయస్సులో మొదలుపెట్టే టీకా ఉంది. మూడు నెలలకు రేబీస్ టీకా, తరువాత ఏటా ఒకసారి.

కరిస్తే

ఇది అన్నింటికంటే ముఖ్యమైన భాగం, అందుకే చివరికి ఉంచాము. ప్రపంచంలో ఏటా సుమారు 59,000 మంది రేబీస్‌తో చనిపోతున్నారని అంచనా. మనుషులకు వచ్చే రేబీస్‌లో 99 శాతం కుక్క ద్వారానే వస్తుంది. అనుమానం ఉన్న జంతువు కాటుకు గురయ్యేవారిలో నూటికి నలభై మంది 15 ఏళ్ళ లోపు పిల్లలు, అంటే మీ వయస్సువారు. జబ్బు లక్షణాలు బయటపడ్డాక బతికినవారు లోకం మొత్తంలో వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినంత మంది. సమయానికి టీకా వేసుకుంటే మాత్రం దాదాపుగా ఎవరూ చావనక్కరలేదు. ఇంత ప్రమాదకరమైన జబ్బుకు ఇంత ఖచ్చితమైన నివారణ ఉండటం వైద్యంలోనే అరుదు. 1885 జూలై 6న ఫ్రాన్సులో లూయీ పాశ్చర్ మొదటిసారి ఈ టీకా వేసింది జోసెఫ్ మైస్టర్ అనే 9 ఏళ్ళ అబ్బాయికి. అతను బతికాడు.

కాటు పడగానే, గీరుకున్నా సరే, పారే నీళ్ళ కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. గడియారం చూసి కడగండి, ఎందుకంటే నొప్పిలో రెండు నిమిషాలే పదిహేను లాగా అనిపిస్తాయి. సున్నం, కారం, పసుపు, ఆకు పసరు ఏదీ పెట్టవద్దు. గుడ్డతో బిగించి కట్టవద్దు. మంత్రం వేయించుకోవాలని పెద్దలు పట్టుబడితే వారితో కొట్లాట వద్దు గాని, ముందు ఆసుపత్రి, తరువాత మంత్రం. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు అన్న భయం ఇప్పటికీ మన గూడేల్లో ఉంది. గొర్రె మెదడు నుండి చేసిన ఆ పాత టీకాను మన దేశంలో 2005 నాటికే ఆపేశారు. ఇప్పుడు సూది చేతికే. ఆ మందు మన హైదరాబాదులోనే ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థలో కూడా తయారవుతుంది. ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం.

కాటు లోతుగా ఉండి రక్తం వస్తే టీకాతో పాటు గాయం చుట్టూ ఇచ్చే ఇమ్యునోగ్లోబులిన్ మందు కూడా కావాలి. అది తమ దగ్గర లేకపోతే ఎక్కడ దొరుకుతుందో డాక్టరు గారిని అప్పుడే అడిగి రాయించుకోవాలి. కరిచిన కుక్కను పది రోజులు గమనించమంటారు. అయితే ఆ పది రోజులు గడిచేదాకా సూది ఆపకూడదు, రెండూ ఒకేసారి మొదలుకావాలి. వార్డెన్ గారు తిడతారని దాచడం మన హాస్టళ్ళలో ఉన్న పెద్ద జబ్బు. పక్క మంచం మీది స్నేహితునికి కాటు పడిందని తెలిస్తే మీరే చెప్పండి, అది చాడీ కాదు.

సూదులు కండలోకి ఇస్తే మొదటి రోజును సున్నాగా లెక్కించి 0, 3, 7, 14, 28 రోజుల్లో ఇస్తారు. చర్మం పొరలోకి ఇస్తే 0, 3, 7, 28 రోజుల్లో రెండు చేతులకూ ఇస్తారు. పిల్లలు మొదటి మూడూ వేయించుకొని, గాయం మానిందని చివరిది వదిలేస్తారు. ఆ 28వ రోజు చాలాసార్లు దసరా సెలవుల్లోనో, సంక్రాంతి సెలవుల్లోనో పడుతుంది. పిల్లవాడు తాలిపేరు అవతల ఊళ్ళో ఉంటాడు, చీటీ హాస్టల్ పెట్టెలో ఉంటుంది. కాబట్టి ఇంటికి పోయే బస్సు ఎక్కేముందు ఆ చీటీ సంచిలో పెట్టుకోండి, తేదీ మీ అమ్మకు చదివి వినిపించండి, మీ ఊరికి దగ్గర్లో ఏ ఆసుపత్రిలో సూది వేస్తారో వార్డెన్ గారిని అడిగి చీటీ వెనకాల రాసుకోండి.